కౌన్సిలర్ గారొచ్చిన రోజు

గేటు చప్పుడైంది.

"వచ్చేసార్రా దేవుడా!" అంటూ వరహాలక్ష్మి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తింది.

తీరా చూస్తే ఆయన కాదు. ఎవరో ఆడమనిషి. నెత్తిన కొంగు, చంకలో సంచీ. ఎడమ చెంప బూరెలా పొంగి ఉంది.

"ఇక్కడ ఉండనిస్తారంట కదండీ?" అందామె మెల్లగా.

ఉండనిచ్చే ఇల్లే అది. మొగుళ్ళ దెబ్బలు పడలేక బయటికొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకోడానికి బలిఘట్టం రోడ్డులో ఎన్నాళ్ళనుంచో నడుస్తోంది. వరహాలక్ష్మి దానికి వార్డెన్. ఇంతకాలం ఖర్చు పెట్టుకున్న పెద్దాయన కాలం చేశాడు. మున్సిపాలిటీ ఏమైనా ఇస్తేనే ఇక ఆ ఇల్లు నిలబడేది.

రేపే కౌన్సిల్ మీటింగు. వార్డులో అందరూ 'కౌన్సిలర్ గారూ' అని పిలిచే రాజుబాబు ఇవాళ చూడ్డానికొస్తున్నాడు.

"ఉండొచ్చు తల్లీ, ఉండొచ్చు. ముందు వంటింట్లో కూకో. పెద్దలొస్తన్నారు."

"నా పేరండీ..."

"పేరు తరవాత రాసుకుందాం. బేగి లోపలికెల్లు!"

వంటింట్లో వంటావిడ అప్పయమ్మ జీడిపప్పు ఉప్మా కలుపుతోంది. కొత్తామెకు పీట జరిపింది.

"కొట్టింది మొగుడేనా?"

"ఊఁ."

"ఏటి సేస్తాడు?"

"మీటింగులు."

"అదేం పనే? తాగుతాడేటి?"

"తాగడు. సప్పట్లు కొట్టించుకుంటాడు."

అప్పయమ్మ పకపకా నవ్వింది. ఆమెకీ నవ్వొచ్చింది గానీ చెంప నొప్పికి సగంలోనే ఆగిపోయింది.

ఇంతలో కారు ఆగింది. గంజి పెట్టిన తెల్లచొక్కా ముందు, రాజుబాబు వెనక దిగినట్టనిపించింది వరహాలక్ష్మికి. చొక్కా అంత బిర్రుగా ఉంది. ఆమె ఇంట్లోని ఆడవాళ్ళందరినీ వసారాలో నిలబెట్టింది.

"ఆడది ఏడిసిన ఇల్లు బాగుపడదు!" అన్నాడాయన.

వరహాలక్ష్మి కనుసైగ చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మా ఇంట్లో నేను గొంతెత్తి మాట్టాడి ఎరగను!"

ఈసారి సైగ చెయ్యకుండానే కొట్టేశారు. ఒకామె ఆగడం మర్చిపోయింది.

ఆ ఊపులో వరహాలక్ష్మికి ఒక ఆలోచన తట్టింది. వంటింట్లోకి పరిగెత్తి కొత్తామె చేతికి కాఫీ గ్లాసిచ్చింది.

"ఇది నువ్వే అట్టుకెళ్ళి ఇయ్యమ్మా. నీ సెంప సూస్తే సారు కరిగిపోతారు."

"కరగరండి."

"నీకేటి తెలుసు? ఎల్లు!"

"నానెల్లనండి. ఆయన ముందుకి మాత్రం ఎల్లలేను."

అవతల వసారాలోంచి ఆయన దగ్గు వినిపించింది. వరహాలక్ష్మికి కంగారులో ఏం మాట్లాడుతోందో తెలియలేదు.

"ఇంతమంది కూడు ఆయన సేతిలో ఉంది. కాఫీ ఇమ్మంటే బెట్టు సేస్తావేటి? ఇష్టం లేపోతే పెరటి తలుపు తీసే ఉంది!"

ఆమె గ్లాసు కింద పెట్టింది. సంచీ తీసుకుంది. అప్పయమ్మ గరిటె వదిలి లేచేసరికే పెరడు దాటేసింది.

రాజుబాబు రెండోసారి కూడా ఉప్మా పెట్టించుకుని, "పనైపోయిందనుకో" అని కారెక్కాడు.

వరహాలక్ష్మి ఆనందంగా వంటింట్లోకొచ్చింది. అప్పయమ్మ మొహం తిప్పుకుంది.

"కొట్టినోడి దగ్గర్నించొస్తే మనం గెంటేసాం. బాగుందమ్మా."

వరహాలక్ష్మి పెరటి సందు చివరిదాకా వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

మర్నాడు బంతిపూల దండ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకెళ్ళింది. రాజుబాబు బయట వరండాలో బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏటండీ, లోపలికెల్లలేదా?"

"కొత్తగా వచ్చిన కమిషనరు రూలు పెట్టాడు. మెంబర్లు తప్ప ఎవరూ ఎల్లకూడదంట."

"మీరు..."

"మెంబరు మా ఆవిడ కదమ్మా! అది లేడీసు సీటు. పేరు ఆవిడది, పని నాది." రాజుబాబు దర్జాగా కాళ్ళు చాపాడు. "నిన్న పొద్దున్న చెప్పా పెట్టకుండా పాయకరావుపేట పుట్టింటికెల్లిపోయింది. అయినా మీటింగుకి తిన్నగా వచ్చేసింది. స్పీచి వాట్సాప్‌లో పంపాను, సదివేస్తాది."

వరహాలక్ష్మికి ఫ్లెక్సీలు గుర్తొచ్చాయి. నిలువెత్తు రాజుబాబు, ఆయన భుజం వెనక తపాలా బిళ్ళంత ఆడమనిషి. ఆ మొహం ఎప్పుడూ సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

లోపల మైకు గరగరలాడింది. ఆడగొంతు. మొదట వణికింది, తర్వాత నిలబడింది.

"బలిఘట్టం రోడ్డులో ఆడోళ్ళ ఇంటికి డబ్బు ఇయ్యాలండి."

"చూసారా, నా స్పీచే!" అన్నాడు రాజుబాబు.

"ఎవరో దయతలిస్తే ఇచ్చేది కాదండి. ఏటా దానంతటదే ఎల్లాల. ఇచ్చేవోళ్ళకి బయపడతా బతికే ఇల్లు, వచ్చేవోళ్ళని కూకోబెట్టలేదండి."

రాజుబాబు కాళ్ళు ముడుచుకున్నాడు.

"ఇది నేను రాయలేదే!"

లోపల బల్లలు చరిచారు. ఒప్పుకున్నట్టే. వరహాలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. ఎవరీ మహాతల్లి, మన బాధ కళ్ళారా చూసినట్టు చెప్పింది! రాజుబాబు మెడ చాపి ఎదురుచూస్తున్నా పట్టించుకోకుండా, దండ పట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తింది.

తలుపు తెరుచుకుంది. కౌన్సిలర్ గంగాభవాని మెడలో వెయ్యాలని ఎత్తిన వరహాలక్ష్మి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎదురుగా నిలబడింది, నిన్న తను పెరటి తలుపు చూపించిన మనిషి.