ఎండ దిక్సూచి

"మీ వదిన దారి చూపించే యంత్రం తయారుచేస్తోందిరా! బజారుకెళ్ళి ఇంటికి రావడానికి నాకు మూడుసార్లు ఫోన్ చేసే మనిషి!"

లారీల ఆఫీసు నడిపే ఆయనగారు తన తమ్ముడి భుజం మీద చరిచి పకపకా నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. అన్నగారి ఆఫీసులో జీతం తీసుకునేవాడు నవ్వక ఏం చేస్తాడు?

ఆవిడ తలెత్తలేదు. రోజూ బిస్కెట్ పొట్లాల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే ఒక గుండ్రటి అట్ట నమూనా గీస్తోంది. నడుమ సూది గుచ్చడానికి ఒక చుక్క, అంచున ఉత్తరం చూపే బాణం. కాస్త ఎడంగా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సూది నీడ కొన నడిచే దారి, ఒక వంపు గీత. మౌస్‌తో ఒక్కో బిందువునూ పట్టుకుని ఆ వంపును సరిచేస్తోంది.

ఎక్కడో ఇనుపరాతి కొండల్లో నేల కొలిచే బృందం, పటాలు గీయడానికి ఆవిడను రమ్మంది. అక్కడ మామూలు దిక్సూచి ముల్లు రాళ్ళవైపు తిరిగిపోతుంది. అందుకే ఎవరి ఎండ దిక్సూచి వాళ్ళే చేసుకుని రావాలి. వెళ్ళాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుంటోంది. ఆయనగారు ససేమిరా అంటున్నారు.

"ఊరిని బట్టి, నెలను బట్టి నీడ దారి మారుతుందండీ. ఈ గడుల్లో ఆ అంకెలు ఎక్కిస్తే..."

"అంకెలా? నువ్వా? గోడ గడియారంలో టైమే సరిగ్గా పెట్టలేవు!" ఆయనగారికి హుషారెక్కింది. "సరే, పందెం. రేపు మేడమీద పరీక్ష. అది ఉత్తరం చూపిస్తే నువ్వు వెళ్ళు. చూపించలేదో, ఆ ఉద్యోగం ఊసు ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకూడదు."

"చూద్దాంలెండి," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే ఆయనగారు ఫోన్ పట్టుకుని, తమ్ముణ్ణీ ఆవిడనూ వెంటబెట్టుకుని మేడెక్కారు. ఊరంతా లారీలు తిప్పే మనిషే గానీ, ఫోన్ లేకపోతే ఆయనకూ తూర్పేదో తెలీదు. ఆవిడ రాత్రే అచ్చువేసి, కత్తిరించి, సూది గుచ్చి ఉంచిన అట్టను పిట్టగోడ మీద పెట్టారు. సూది నీడ కొన వంపు గీతకు తగిలేదాకా తనే తిప్పారు. ఫోన్లో ఉత్తరం సెల్ టవర్ వైపుంది. అట్ట మీది బాణం పక్కింటి నీళ్ళ ట్యాంకు వైపుంది.

"చూశావట్రా! దీన్ని నమ్ముకుంటే మీ వదిన నేరుగా పక్కింటివాళ్ళ ట్యాంకులో తేలుతుంది!" అని ఆవిడవైపు తిరిగారు. "అంకెలు తప్పు ఎక్కించావు కదూ?"

ఆవిడ పిట్టగోడ మీంచి అట్టను చేతిలోకి తీసుకుంది.

"ఇంకెందుకు ఆలస్యం? ఆ కొండలవాళ్ళకు ఉత్తరం రాసి పడెయ్."

"నిన్ననే రాసేశానండీ."

"అదీ! ఇప్పటికి బుద్ధొచ్చింది!"

ఆయనగారు ఈలవేసుకుంటూ మెట్లు దిగారు. తమ్ముడు ఈసారి నవ్వడం మరిచిపోయి వదినకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ అట్ట మీది దుమ్ము తుడిచి, సూది ఊడదీసి, రెండింటినీ పదిలంగా సంచిలో పెట్టుకుంది.

ఆవిడ ఎక్కించిన అంకెల్లో తప్పేమీ లేదు గానీ, అవి ఈ ఊరివి కావు, వచ్చే నెల ఒకటో తారీకున తను పనిలో చేరబోయే కొండలవి.