ఎడమకి లాగే బండి

“పొద్దుట్నించీ ఎడమకే లాగుతోంది పిచ్చేశ్వర్రావూ. ఇంటి గేటు స్తంభాన్ని కూడా గీరేసింది,” అన్నాడు కృపావరం, అంబాసిడర్ దిగుతూ.

ఎడమ మడ్‌గార్డ్ మీద పొడుగ్గా పడిన గీత చూసి మెకానిక్ పిచ్చేశ్వరరావు “అయ్యయ్యో” అన్నాడు. అది అరవై రెండో మోడల్ బండి. గుడివాడలో దాన్ని విప్పి మళ్ళీ బిగించగలిగేది ఆయనొక్కడే. పెదపారుపూడిలో కృపావరం వాళ్ళ సంఘంలో ఏ పెళ్ళికూతురైనా చర్చికి ఆ బండిలోనే వెళ్తుంది, దాన్ని కృపావరమే నడుపుతాడు. ఇవాళ్టి పెళ్ళికూతురు ఆయన సొంత మేనకోడలు ఎస్తేరు. ఇంటి దగ్గర్నుంచి చర్చి దాకా దారి పక్కనే కాలువ. అడ్డుగా పిట్టగోడ కూడా లేదు.

“దీంతో పిల్లని ఎక్కించుకుని గట్టు మీద ఎలా వెళ్ళను చెప్పు?”

“ముందు ఆ కిళ్ళీ ఉమ్మేసి మాట్లాడు బావా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు,” అంటూ పిచ్చేశ్వరరావు బండి కిందకి దూరాడు. “అమ్మాయ్ సుమలతా, లోపల కూర్చుని స్టీరింగు అటూ ఇటూ కొంచెం ఆడించమ్మా.”

వెంట వచ్చిన కృపావరం కూతురు సుమలత మాట తక్కువ మనిషి. ఎక్కబోతుంటే పెడల్స్ దగ్గర తండ్రి ఎడమకాలి చెప్పు కనిపించింది. ఆయన దాన్ని అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు.

“నాన్నా, చెప్పు.”

“బండి గొడవలో చెప్పెవరికి గుర్తుంటుందే!”

ఆమె స్టీరింగు ఆడించింది. కింద పిచ్చేశ్వరరావు ఒక్కో జాయింటు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

“దొరికాడు దొంగ! చక్రాన్ని తిప్పే టై రాడ్ చివర బాల్ జాయింటు. చక్రం కదలకముందే ఇది టకటకలాడుతోంది.”

సుత్తితో రెండు దెబ్బలు వేసి దాన్ని ఊడదీసి తెచ్చాడు. రబ్బరు టోపీ చిరిగి, లోపల గ్రీజు మట్టిలా ఎండిపోయింది. పిన్ను ఊగే పన్నులా కదులుతోంది. కృపావరం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

బజారు నుంచి తెప్పించిన కొత్తది చూడడానికి అచ్చం అలాగే ఉంది. పిచ్చేశ్వరరావు దాని పిన్నుని రంధ్రంలో పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

“లోపలికి జారిపోతోంది. ఇది తర్వాతి మోడల్‌ది. నట్టు బిగుసుకుంటుంది గానీ పిన్ను కూర్చోదు. గట్టు మీదే ఊడుతుంది.”

ఇంతలో ఫోను మోగింది. ఎస్తేరు తండ్రి విల్సన్.

“బావగారూ, పిల్ల తయారైపోయింది. పాస్టరుగారు కూడా బయల్దేరారట. పోనీ వేరే కారు మాట్లాడమంటారా?”

“మాట్లాడావంటే నేను పెళ్ళికే రాను!”

పిచ్చేశ్వరరావు అటక మీది డాల్డా డబ్బా బోర్లించాడు. తుప్పు సామానులోంచి గుడ్డ చుట్టిన జాయింటు ఒకటి తీసి పిన్ను పెట్టి చూశాడు. గట్టిగా పట్టింది. పాతది ఎన్ని చుట్లకి ఊడిందో అన్ని చుట్లే ఎక్కించి, గ్రీజు కూరి, నట్టు బిగించాడు.

ఈలోగా టీ వచ్చింది. కృపావరం చేతిలో గ్లాసు జారి పగిలింది.

“నీ షెడ్డులో గ్లాసులక్కూడా గ్రీజేనా?” అన్నాడాయన.

“మేనమావ కంగారు బావా అది! పద, ఓసారి నడిపి చూద్దాం.”

పిచ్చేశ్వరరావు వెనక కూర్చున్నాడు. సుమలత తండ్రి పక్కన కూర్చుంది. స్టీరింగుకి ఎడమ పక్కనుండే గేరు కర్ర కృపావరం చేతిలోంచి రెండుసార్లు జారింది.

“దీనిక్కూడా వంకొచ్చింది,” అని విసుక్కున్నాడు.

షెడ్డు దాటి కాలువ గట్టు ఎక్కారు. కాస్త దూరం బాగానే వెళ్ళింది. తర్వాత బానెట్ మెల్లగా ఎడమకి తిరగసాగింది. గడ్డి టైరుకి తగిలింది. గడ్డి అవతల నీళ్ళు.

“నాన్నా!”

సుమలత స్టీరింగు పట్టుకుని కుడికి గుంజింది. కృపావరం బ్రేకు తొక్కాడు. ముందు చక్రం అంచు మీద ఆగింది. మట్టిపెళ్ళ ఒకటి కాలువలో పడిన చప్పుడు వినిపించింది.

“చూశావా! ఏం మార్చావు నువ్వు?” కృపావరం వెనక్కి తిరిగాడు.

“నా చేత్తో బిగించాను బావా. అది కదిలితే రేపట్నించి రెంచి పట్టను.”

ఫోను మళ్ళీ మోగుతోంది. ఎవరూ తీయలేదు.

“నాన్నా, నువ్వు ఇటు కూర్చో. నేను నడుపుతాను,” అంది సుమలత.

“ఈ బండి నేను తప్ప...”

“చర్చి దొడ్లో నాకు నేర్పింది నువ్వేగా.”

ఆమె మెల్లగా వెనక్కి తీసి, గట్టు మధ్యకి వచ్చి ముందుకి పోనిచ్చింది. ఎదుట దారంతా ఖాళీగా ఉంది. గేరు ఒక్కసారికే పడింది. కొంతదూరం వెళ్ళాక ఊపిరి బిగబట్టి, స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేసింది. బండి గీత గీసినట్టు తిన్నగా పోయింది.

“అద్దీ! నా పనిలో తేడా ఉంటేగా!” వెనక పిచ్చేశ్వరరావు తొడ చరిచాడు. “ఫోన్ చెయ్యి బావా, పెళ్ళికూతుర్ని బయటికి రమ్మను!”

సుమలత నవ్వలేదు. బండి ఆపి తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, నోట్లో కిళ్ళీ ఉందా?”

“తెల్లచొక్కా వేసుకున్న రోజు నేను కిళ్ళీ ముట్టుకోనని తెలీదే నీకు?” ఆ మాట కూడా ముద్దగానే వచ్చింది.

“ఒకసారి రెండు చేతులూ పైకెత్తు.”

“ఎందుకే? నేనేమన్నా దొంగనా?”

“ఎత్తు నాన్నా.”

కృపావరం నవ్వుతూ ఎత్తాడు.

కుడి చెయ్యి ఒక్కటే లేచింది.