ఉత్తమ పాదచారి

చేయాల్సిన పనులు ఐదు. రోడ్డు పక్క స్తంభానికి లెక్కింపు పెట్టె బిగించాలి. దాని కన్ను మనిషి ఛాతీ ఎత్తులో ఉండేట్టు చూడాలి. బ్యాటరీ పరీక్షించాలి. తేదీ, టైము సరిచేయాలి. స్తంభానికి ఎవరేం తాళ్ళు కట్టి ఉన్నా విప్పేయాలి.

చిన్న ఇంజనీరు నాలుగు పూర్తిచేశాడు. ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి అక్క కిటికీలోంచి కేకేసింది.

"ఒరేయ్, టీ చల్లారిపోతోంది!"

ఇంటిల్లిపాదిలో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు అతనే. అయినా అక్క పిలిచిందంటే ఎక్కడి పని అక్కడే వదిలేసి పరిగెత్తాల్సిందే.

అక్క ఇల్లు సరిగ్గా రోడ్డు అంచున. బడి అవతలి అంచున. కిటికీలోంచి చూస్తే బడి గంట కూడా కనిపిస్తుంది. మధ్యలో మాత్రం ఆరు వరుసల్లో లారీలు. ఎనిమిదేళ్ళ మేనకోడలు బడికి వెళ్ళాలంటే మూడు కిలోమీటర్ల చుట్టు, రెండు బస్సులు. చేరేసరికి రెండో పీరియడ్ అయిపోతుంది. ఈ నెల దాటాక కూడా ఆలస్యమైతే పేరు కొట్టేస్తామని హెడ్‌మాస్టరు చీటీ పంపాడు.

కాలినడక వంతెన కోసం చిన్న ఇంజనీరు ఐదుసార్లు ఫైలు పెట్టాడు. పెద్ద ఇంజనీరు ఐదుసార్లూ అదే అడిగాడు.

"ఎవరూ దాటని చోట వంతెనెందుకయ్యా?"

"వంతెన లేదు కాబట్టే దాటట్లేదు సార్."

"ముందు దాటమను. వారంలో వెయ్యిసార్లు దాటినట్టు లెక్క తేలితే కడదాం."

"దాటబోయి పోయినవాళ్ళు ఉన్నారు సార్."

"వాళ్ళు దాటలేదుగా! అవతలికి చేరితేనే దాటినట్టు. రూలు చదువుకోలేదా?"

 రూలు చిన్న ఇంజనీరుకు కంఠస్థం.

ఇక మిగిలింది ఈ పెట్టె ఒక్కటే. కన్ను ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక అంకె వేసుకుంటుంది, ఒక ఫొటో తీస్తుంది. లెక్క తగ్గితే మళ్ళీ పదేళ్ళదాకా ఆ ఫైలు తెరవరు.

మొదటి రోజు సున్నా. రెండో రోజు సున్నా. మూడో రోజు ఒకటి. ఫొటో చూస్తే, బ్యాటరీ సరిచూడ్డానికి వెళ్ళిన తన చెయ్యే.

"తీసెయ్యి," అన్నాడు పెద్ద ఇంజనీరు. "ప్రభుత్వ చేతులు లెక్కకు రావు."

ఆ సాయంత్రం చిన్న ఇంజనీరు అక్క గుమ్మంలో కూలబడ్డాడు. "ఇక లాభం లేదక్కా. పెట్టెకు మనిషి కావాలట."

అక్క లేచి లోపలికెళ్ళి బీరువా తెరిచింది.

నాలుగో రోజు అంకె మూడువందల పన్నెండు.

ఆఫీసంతా వచ్చి తెర ముందు మూగింది. ప్రతి ఫొటోలోనూ ఒకడే. నీలం చొక్కా, ఉబ్బిన ఛాతీ, పైకెత్తిన చెయ్యి. పెట్టె ముఖాలు తీయదు. పౌరుల గోప్యత విధానం అది.

"ముఖం లేకపోతేనేం! ఆ ఛాతీ చూడవయ్యా," అన్నాడు పెద్ద ఇంజనీరు. "లారీలంటే లెక్కే లేదు!"

"ఒక్క మనిషే సార్ అన్నిసార్లూ," అంటూ గుమాస్తా నసిగాడు.

"రూల్లో వెయ్యిసార్లు అనుంది. వెయ్యిమంది అని లేదు."

నీలం చొక్కా ఎవరిదో చిన్న ఇంజనీరుకు చూడగానే తెలిసింది.

ఐదో రోజు నాలుగువందల పద్దెనిమిది. ఆరో రోజు వాన, సున్నా.

"పాపం, జలుబు చేసుంటుంది," అన్నాడు గుమాస్తా.

ఏడో రోజు ఈదురుగాలి. ఐదువందల ముప్ఫై. సాయంత్రం ఐదవగానే నీలం చొక్కా ఠంచనుగా మాయం.

"అదీ క్రమశిక్షణంటే!" అన్నాడు పెద్ద ఇంజనీరు. "చీకటి పడకముందే ఇల్లు చేరతాడు. బుద్ధిమంతుడు."

చిన్న ఇంజనీరు అక్క దగ్గరికి పరిగెత్తాడు. "అక్కా, బావను ఇలా వాడుకోవచ్చా?"

"ఆయన కాదంటాడా? ఎప్పుడైనా నా మాట కాదన్నాడా?"

"అబద్ధం కాదూ?"

"నీ పెట్టె ఏం లెక్కపెట్టిందో అదే రాయి. నువ్వు ఒక్క అంకె కలపకు, ఒక్కటి తీయకు."

అతను అలాగే రాశాడు. 'పెట్టె నమోదు చేసినది వెయ్యిన్ని రెండువందల అరవై.' సంతకం పెట్టాడు. అంకెలో అబద్ధం లేదు.

అక్క కాళ్ళావేళ్ళా పడితే హెడ్‌మాస్టరు గడువు పొడిగించాడు. ఏడు నెలల్లో వంతెన లేచింది. ప్రారంభోత్సవానికి 'ఉత్తమ పాదచారి' పతకం ఒకటి చేయించారు. వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. నీలం చొక్కా మా ఆయనదేనని చెప్పి, పతకం అందుకోడానికి అక్క ఎక్కింది.

"ఆయన రాలేదేమ్మా?" అడిగాడు పెద్ద ఇంజనీరు. "చూద్దామని ఎంతో ఆశగా వచ్చాను."

"ఆయన పని అయిపోయింది కదండీ."

"వినయం!" అని పెద్ద ఇంజనీరు మైకులో ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు.

మేనకోడలు పుస్తకాల సంచీతో అందరికంటే ముందు వంతెన ఎక్కింది. మొదటి గంట ఇంకా కొట్టలేదు. నడిమధ్యలో ఆగి, కిందనున్న స్తంభం వైపు చెయ్యి ఊపింది.

మీరెప్పుడైనా ఆ వంతెన ఎక్కితే, మూడేళ్ళ కిందట అక్కడే రోడ్డు దాటబోయి అవతలికి చేరని ఆ బావను, అక్క రోజూ ఉతికి స్తంభం తాడు మీద ఆరేసిన ఆయన నీలం చొక్కాను ఒక్కసారి తలుచుకోండి.