మూడో మెట్టు

"అవ్వా, కండ్లకు పెట్టుకొని సూడు. ఈ పాత గదుల చాల్ కూలగొట్టి మేం కట్టే బిల్డింగ్ గిట్లనే ఉంటది," అంటూ బిల్డర్ మనిషి శంకర్రావు ఫారిన్ బొమ్మల డబ్బా అందించాడు. రెండో చేతిలో, వేలిముద్ర కోసం, ఆమె ఒంటిగది ఖోలీ ఖాళీ చేసే కాగితం ఉంది.

బొంబాయి కామాటిపురా నుంచి కట్టడాల పనికి పోయి ముప్పయ్యేళ్ళు తట్ట మోసిన మల్లవ్వకు బిల్డర్ల మాట నీటి మీద రాత. అయినా డబ్బా కళ్ళకు ఆనించింది. చెయ్యి చాస్తే అందేట్టు మెరిసే హాలు, పైకి పోయే మెట్లు లోతుగా కనబడ్డాయి.

"ఇది ఇంక కట్టలేదంటవు?"

"లేదవ్వా, ఇది ఉత్త బొమ్మనే. వచ్చే ఏడు కడతం."

"మరి మూడో మెట్టు ఎత్తెందుకున్నది?"

మల్లవ్వ డబ్బా దించలేదు.

"వర్లి బిల్డింగుల నా పెనిమిటి కట్టిన మెట్టది. కొలత తప్పిందని ఇంజనీరు తిట్టిండు. సిమెంటు మాలు మోసింది నేనే."

శంకర్రావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డబ్బా కోసం చెయ్యి చాపాడు. మల్లవ్వ ఇవ్వలేదు.

"జర ఆగు బిడ్డా. పనైనంక మమ్ముల గేటు కాడనే ఆపిండ్రు. రంగులేసినంక లోపలెట్లున్నదో ఇయ్యాల్నే సూస్తున్న."