మూడు బకెట్ల మడ్డి

"మళ్ళీ పోశారు కదూ?" అంది ఇత్సుకో, భర్త వైపు చూడకుండానే.

ఆవు కొట్టంలో కూలబడి ఉంది. ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు తమోత్సు.

"పోసుంటాను," అన్నాడు మెల్లిగా.

పశువుల డాక్టరు హిదకా ఆవు గొంతులోకి గొట్టం దింపింది. పుల్లటి వాసనతో గాలి బుస్సున బయటికొచ్చింది.

"ఎంత పెట్టారమ్మా?"

"నేను ఆరింటికి కొలిచి ఒక్క బకెట్టే పెట్టాను. తర్వాత ఈయనొచ్చి ఇంకో రెండు పోశారు. ఈ నెల్లో ఇది మూడోసారి."

బట్టీలో చిలగడదుంపల సారా దించాక మిగిలే మడ్డిని తవుడుతో కలిపి, పీపాల్లో పులియబెట్టి పెడితే ఓసుమి ప్రాంతపు ఆవులు బాగా కండపడతాయి. అతిగా తింటే ప్రాణానికే ముప్పు.

"ఏ పీపాలోది?"

"పదమూడో తారీఖున మూతేసింది. గుమ్మం పక్కన రెండోది," తమోత్సు వెంటనే చెప్పాడు. "చలికి ఇంకా సరిగ్గా పులవలేదు."

హిదకా చెయ్యి ఆగింది. ఇంత గుర్తున్న మనిషి పొద్దున పోసిన బకెట్లు ఎలా మరిచిపోయాడు?

"పాతవన్నీ బానే చెప్తారు డాక్టరమ్మా," అంది ఇత్సుకో. "ఇందాక చేసిందే గుర్తుండదు. మొన్న నా కళ్ళద్దాలు తవుడు డబ్బాలో దొరికాయి. ఇదేంటంటే నవ్వుతారు." మడ్డితో ఇంకా తడిగా ఉన్న చేతితొడుగు తీసేసి కళ్ళు తుడుచుకుంది. "నలభై ఆరేళ్ళ కాపురం. నన్నెప్పుడు మరిచిపోతారోనని భయంగా ఉంది."

తమోత్సు తల దించుకున్నాడు.

"కాసిని వేణ్ణీళ్ళు పట్రా," అన్నాడు. ఆమె ఇంట్లోకి వెళ్ళింది.

వంటసోడా కలిపిన ఆ వేణ్ణీళ్ళు పట్టిన గంటకి ఆవు తేన్చింది. డొక్క దిగింది. ముందుకాళ్ళు ఊతం చేసుకుని లేచి నిలబడింది. ఇత్సుకో దాని మెడ కౌగిలించుకుని ఉండిపోయింది.

హిదకా వ్యాను దగ్గరికి వెళ్ళి, అద్దం మీద పడ్డ అగ్నిపర్వతం బూడిద తుడుస్తుంటే తమోత్సు వెనకే వచ్చాడు. అతనితో ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. పట్నంలో మా అన్నయ్య మతిమరుపు వైద్యం చేస్తాడు. చీటీ రాసిస్తాను. ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది."

"వెళ్తాం. నేనే అడుగుదామనుకుంటున్నాను."

అతను అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెను మరింత అయోమయంలో పడేసింది.

"అమ్మగారు కూడా వస్తారా?"

"నాకు తోడు రమ్మంటే వస్తుంది."

హిదకా కాగితం తీసి పైన తమోత్సు అని రాసింది. అతను అది చూసి, కొట్టం వైపు ఒకసారి తిరిగి, గొంతు తగ్గించాడు.

"చీటీలో ఆవిడ పేరు రాయండి."