మరింత చదవండి

రొట్టె పొట్లం ఒక్కటే. దాన్నే ఒక ముసలాయన చేతిలో పెట్టడం, ఫోటో తీయడం, మళ్ళీ లాక్కోవడం.

చైర్మన్ గారి జుట్టు చెదిరిందని ఒకసారి, ముసలాయన నవ్వలేదని ఇంకోసారి. ఊరు సగం నీళ్లలో మునిగి ఉంటే మునిసిపల్ ఆఫీసు హాల్లో జరుగుతున్న సహాయం ఇదీ. చూస్తే రోత పుట్టేది.

ఫోటోలు తీస్తున్నవాడే ఆఫీసు సోషల్ మీడియా పేజీ నడిపేది. అందరూ పేజీబాబు అంటారు. ప్రజల భాగస్వామ్యానికి ప్రభుత్వం ఇచ్చే బహుమతి ఈసారి తమ పేజీకే రావాలని చైర్మన్ గారి పట్టు. అందుకని పొగిడిన కామెంట్ ఉంటుంది, తిట్టిన కామెంట్ ఎగిరిపోతుంది.

పొద్దున ఎవడో "మీ ఫోటోలు తగలెయ్య" అని మొదలుపెట్టాడు. తెరమీద కనిపించింది ఆ ఒక్క వరుసే. కింద "మరింత చదవండి" అని ఉంది. పేజీబాబుకి అంత ఓపికెక్కడిది? మనిషినే బ్లాక్ చేసి పారేశాడు.

పల్లపు వీధిలో ఒంటరిగా ఉంటున్న తన తల్లికి ఫోన్ కలవడం లేదు. అక్క ఇంటికి వెళ్లిపోయి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అక్కని అడగొచ్చు. అడిగి, లేదని తెలిస్తే వెళ్లాల్సి వస్తుంది.

అప్పుడొచ్చాడు ఒకతను. నడుం దాకా బురద, మోచేతి దగ్గర రక్తం. కొత్త తివాచీ మీద అడుగులు పడ్డాయి. చైర్మన్ గారు ముక్కు మూసుకున్నారు.

"పేజీ నడిపేది మీరేనా సార్?"

పేజీబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎందుకని అడిగాడు.

"పొద్దున పడవ పంపమని రాస్తే బ్లాక్ చేశారు. సరే, అది వదిలెయ్యండి. ఒక పెద్దావిడ..."

తన్నడానికే వచ్చాడనుకున్నాడు పేజీబాబు.

"నేను కాదు. పేజీ నడిపేవాళ్లెవరూ ఇక్కడ లేరు."

మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీద అతని ఫోటో, ఉద్యోగం రెండూ ఉన్నాయి. వచ్చినవాడు ఆ కార్డు చదివాడు. కాపలావాడు రెక్క పట్టుకుని బయటికి గెంటాడు.

తివాచీ తుడిచారు. ముసలాయన చేతిలో మళ్ళీ పొట్లం పెట్టారు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి చెడామడా తిట్టింది. ఇల్లు మునిగిపోతే అమ్మని ఎవరో వీపున మోసుకొచ్చి బడిలో చేర్చారట. పేజీబాబు పరుగెత్తాడు.

తల్లి దుప్పటి కప్పుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ఎవరు తెచ్చారని అడిగాడు.

"పేరు చెప్పలేదురా. నన్ను దింపుతుంటే పాపం, మోచెయ్యి చీరుకుపోయింది. 'చివరి ఇల్లు, నడవలేని పెద్దావిడ, పడవ పంపండి' అని మీ పేజీలో రాశాడట. ఎవరూ పలకలేదట. ఆ పేజీ మా అబ్బాయిదే అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, 'గొడవ పడనులేమ్మా, పిలుచుకొస్తాను' అని మీ ఆఫీసుకొచ్చాడు."

అతని కోసం పేజీబాబు చుట్టూ చూశాడు. మళ్ళీ పల్లానికే వెళ్లాడని తల్లే చెప్పింది.

ఆమె కొడుకు చొక్కా తడిమింది. పొడిగా ఉంది.

"తిరిగొచ్చి ఒక్కటే మాట చెప్పాడురా. 'మీ అబ్బాయి కూడా నీళ్లలోనే ఉన్నాడమ్మా, ఎవరి తల్లినో మోసుకొస్తున్నాడు' అని."