బెరిల్ మౌనవ్రతం

మా హాలిఫాక్స్ తివాచీల ఆఫీసులో, మొక్కు నిలబెట్టుకుంటే వచ్చే చందాల కోసం ఒకడు గడ్డం త్యాగం చేశాడు, నేను బీరు మానేశాను. వాగుడుకాయ బెరిల్ ఏకంగా సాయంత్రం ఐదింటి దాకా మౌనవ్రతం పట్టింది. డబ్బంతా ఆమె భర్త ఆర్నల్డ్ ఆఖరి రోజులు గడుపుతున్న రోగుల ఆశ్రమానికే.

"నువ్వు ఐదింటి దాకా నోరు మూసుకుంటే, నేను మంచం దిగి డాన్సు చేస్తా" అని ఆయన పందెం కాశాడట. నిన్న ఆమే చెప్పి పడీ పడీ నవ్వింది.

వ్రతభంగం చేయడం నా పవిత్ర బాధ్యత. ఆమెకు అస్సలు గిట్టని పద్ధతిలో, కప్పులో ముందు పాలు పోసి, ఆపైన టీ పోసిచ్చాను. మామూలుగా అయితే చంపేసేది. గుడ్లురిమి తాగేసింది.

ఐదు కావస్తుండగా ఆమె ఫోను మోగింది. తీసింది, వింది, పెట్టేసింది. పెదవి కదపలేదు.

"ఫోన్లో కూడానా! నువ్వు మనిషివి కాదు తల్లీ!" అన్నాను. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.

ఐదయింది. "ఇక మాట్లాడు, బెరిలమ్మా!" అని అరిచాం.

చేతులు తీసింది.

"ఇందాకటి ఫోను ఆశ్రమం నుంచి. ఆర్నల్డ్ పోయాడట."

ఆమె నా చొక్కా పట్టుకుంది.

"నేను ఒక్క మాటైనా మాట్లాడానా? నువ్వే సాక్షివి కదరా. మరి ఆయన లేవాలి కదా?"